గంజి మెడలో నూలు పోగు

అనగనగా ఒక ఊళ్ళో ఒక నేతవాళ్ళ వీధి ఉండేది. ఆ వీధిలో పొద్దున్నే ఎవరూ పరుగెత్తకూడదు. ఎందుకో తెలుసా బంగారం? ఈ కొస నుంచి ఆ కొస దాకా దారాలు సాగదీసి ఉంచేవాళ్ళు. వాటిని పడుగు అంటారు. అంటే చీరకు నిలువు దారాలన్నమాట. వాటికి చిక్కటి అన్నం గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వి, ఎండ ముదరకముందే ఆరబెట్టుకునేవాళ్ళు. ఒక్క పోగు తెగినా, దాని జతను వెతికి అతికేసరికి కళ్ళు లాగేసేవి.

ఆ వీధి చివరింట్లో భద్రి అని ఒక పిల్ల ఉండేది. అసలు పేరు భద్రావతి. అంత పేరూ పలికేలోపు పిల్ల సందు మలుపు తిరిగిపోయేది కనుక, అందరూ భద్రి అని ఊరుకునేవాళ్ళు. ఏం తొందరో ఏమో! జడ సగంలో ఉండగానే లేచిపోయేది. అన్నం కలుపుతుండగానే నోరు తెరిచేది. అచ్చం నీలాగే. అదిగో, మూతి ముడవకు, ఆ పిల్లకన్నా నువ్వే నయంలే.

ఆ భద్రికి ఒక కుక్క. దాని పేరు గంజి. చిన్నప్పుడు గంజి కుండలో పడింది. ఆ తర్వాత ఎండలో ఆరింది. ఆరేసరికి దాని ఒళ్ళంతా ఉతికి ఆరేసిన చొక్కా కాలరులా బిర్రబిగిసిపోయింది. వీధి వీధంతా పొట్ట పట్టుకుని నవ్వింది. అప్పటినుంచి ఆ పేరే ఉండిపోయింది. పేరుతో పాటు ఆ రుచీ ఉండిపోయింది! ఎక్కడ అన్నం గంజి వాసన తగిలినా మన గంజికి ఒళ్ళు తెలిసేది కాదు.

ఒకరోజు మార్కండయ్య తాత వీధిలో పడుగు పరిచాడు. ఆయన ఆ వీధికి పెద్ద. ఆ పడుగు ఆయన మనవరాలి పెళ్ళి చీరకి. పచ్చని పసుపు రంగు. వీధి నిండా ఎండ పరిచినట్టుంది. అప్పుడు కుంచె మీదనుంచి ఒక్క చుక్క గంజి కింద పడింది. అంతే! మన గంజి ఎక్కణ్ణుంచి వచ్చిందో, పడుగు మధ్యలోకి దూరింది. నాకింది. కాళ్ళకు దారాలు చుట్టుకుని బెదిరింది. బెదిరి గింజుకుంది. పటపటమని పోగులు తెగిపోయాయి.

మార్కండయ్య తాత కర్ర ఎత్తలేదు, అరవలేదు. అందుకే భద్రికి ఇంకా ఎక్కువ భయమేసింది.

"ఇది మూడోసారి, భద్రీ" అన్నాడు. "సంత రోజున ఈ పడుగు మళ్ళీ పరుస్తాను. దాని పక్కనుంచి ఈ కుక్కను ఈ కొస నుంచి ఆ కొసకు నడిపించు. ఒక్క పోగు తెగిందా, సంత బండెక్కించి ఏరు దాటించేస్తా. ఇంక తిరిగి రాదు."

భద్రి ఇంటికొచ్చి గంజిని వాటేసుకుని ఏడ్చింది. గంజికి ఏమర్థమైందో, భద్రి బుగ్గ మీది ఉప్పంతా నాకేసింది. అప్పుడు దాని వెనక కాలికి చుట్టుకుని బారెడు పసుపు పోగు కనబడింది. భద్రి దాన్ని మెల్లగా విప్పి, ఓ పుల్లకు చుట్టి, కిటికీలో పెట్టింది. తాత దగ్గరికి వెళ్ళి ఇచ్చేంత ధైర్యం ఎక్కడిది మరి!

మర్నాడు భద్రి ఎద్దుల మోకు తెచ్చింది. గంజి మెడకు కట్టి, కురచగా పట్టుకుని బయల్దేరింది. భద్రి ఇటు లాగింది. గంజి అటు లాగింది. భద్రి ఇంకా లాగింది. గంజి ఇంకా ఇంకా లాగింది. చివరికి ఇద్దరూ కలిసి పక్కింటివాళ్ళ కుడితి గోలెంలో పడ్డారు. గేదె వచ్చి ఇద్దర్నీ వింతగా చూసింది.

ఆ తర్వాత నులక తాడు తెచ్చింది. ఈసారి మణికట్టుకు చుట్టుకుని మరీ బిగించింది. గంజి గొంతు గరగరమంది. భద్రి చెయ్యి కమిలిపోయింది. విసుగొచ్చి, ఒక్కటిద్దామని చెయ్యెత్తింది. గంజి పారిపోలేదు. చెవులు వాల్చి, కళ్ళు మూసుకుని, దెబ్బకోసం అక్కడే కూర్చుంది. ఎత్తిన చెయ్యి దానంతటదే దిగిపోయింది.

ఆ సాయంత్రం అమ్మ భద్రిని మగ్గం మీద కూర్చోబెట్టింది. "రా, ఆ తువ్వాలు నెయ్యి. కాస్త మనసు కుదుటపడుతుంది" అంది. భద్రి దారం కండె ఉన్న నాడెను అటు విసిరింది, ఇటు విసిరింది. విసిరినప్పుడల్లా దారాన్ని గట్టిగా గుంజింది. కాసేపటికి చూస్తే తువ్వాలు నడుము దగ్గర సన్నబడిపోయి డమరుకంలా తయారైంది.

అమ్మ నవ్వింది. "పడుగంటే బిగువుగా ఉండాలి, నిజమే. కానీ నువ్వు వేసేది పేక కదే, అడ్డదారం! దాన్నెందుకు గుంజుతావు? ఈ అంచు నుంచి ఆ అంచుకు నడిచి రావాలి అది. కాస్త వదులివ్వు. గుంజితే అంచు లోపలికొచ్చేస్తుంది."

భద్రి చేతిలో నాడె ఆగిపోయింది. గంజి వైపు చూసింది. "అమ్మా, నేను గంజిని పడుగనుకున్నానే!" అంది.

అమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నీకర్థమైంది కదూ? నువ్వు గట్టిదానివి.

అప్పుడు భద్రి ఏం చేసిందంటే, మోకూ నులక తాడూ దూరంగా పారేసింది. తాడు చేతిలో ఉంటే తన చెయ్యి లాగకుండా ఊరుకోదని ఆ పిల్లకు తెలుసు. అందుకని కిటికీలోని పసుపు పోగు తీసింది. ఒక కొస గంజి మెడకు కట్టింది. ఇంకో కొస తన వేలికి చుట్టుకుంది. లాగితే తెగిపోతుంది. ఇంక లాగడానికే లేదు!

తెగింది. ఎందుకు తెగదు? భద్రి తొందర ఒక్కరోజులో పోతుందా? తెగినప్పుడల్లా కూర్చుని, నేతవాళ్ళు వేసే చిన్న ముడి వేసి, వేలి చుట్టలోంచి కాస్త పోగు వదిలి, మళ్ళీ మొదలుపెట్టింది.

గంజి ముందుకు ఉరికితే భద్రి గడప ముందు రాటలా నిలబడిపోయేది. పిలవదు, తిట్టదు, లాగదు. గంజి అటూ ఇటూ చూసి, ఏమిటీ పిల్ల కదలదేమిటని వెనక్కి వచ్చేది. పోగు వదులయ్యేది. వదులు కాగానే భద్రి కదిలేది. తన మోకాలి పక్కన గంజి నడిచినంతసేపూ అరచేతిలోంచి గంజి మెతుకులు పెట్టేది. అన్నం గంజి కావాలంటే పడుగు దగ్గరికి పోనక్కర్లేదు, భద్రి పక్కనే ఉంటే చాలని కుక్కకు మెల్లగా తెలిసొచ్చింది.

ముందు పెరట్లో నడిచారు. ఆ తర్వాత సందులో నడిచారు. ఆ తర్వాత అమ్మ గంజి కాస్తుంటే పొయ్యి పక్కనుంచే నడిచారు. రోజు రోజుకీ కొత్త ముళ్ళు తగ్గాయి.

సంత రోజు రానే వచ్చింది. తెల్లవారగానే వీధి నిండా పసుపు పడుగు పరిచారు. బండి వీధి మొగలో సిద్ధంగా ఉంది. మగవాళ్ళు కర్రలు పట్టుకుని నిలబడ్డారు. ఆడవాళ్ళు అరుగులెక్కారు. భద్రి వంగి గంజి చెవిలో "మెల్లగా పోదాం" అంది. ఆ పిల్ల నోట ఆ మాట రావడం అదే మొదటిసారి.

నడిచారు. ఎదురుగా పిల్లలకోడి ఒకటి పిల్లలతో సహా అడ్డమొచ్చింది. గంజి చూసింది, నడిచింది. అరుగు మీది చంటిపిల్ల చేతిలోంచి జంతిక జారి పడింది. గంజి చూసింది, చొంగ కార్చింది, నడిచింది.

అప్పుడు వచ్చింది గంజి కుండ. పడుగు పక్కనే ఉంది, పొగలు కక్కుతూ. గంజి ఆగింది. ముక్కు అదిరింది. కుండ వైపు ఒక అడుగు వేసింది. పోగు నిటారుగా సాగింది.

"లాగవే! లాగు!" అని వీధంతా అరిచింది. మార్కండయ్య తాత పడుగుకు అడ్డంగా వచ్చాడు. భద్రి చెయ్యి ఎంత లాగాలనుకుందో నీకూ నాకూ తెలియదు. కానీ లాగలేదు. చెయ్యి జానెడు ముందుకు చాచి, పోగుకు ఇంకాస్త వదులిచ్చింది. ఇచ్చి, నిలబడిపోయింది.

గంజి కుండను చూసింది. భద్రిని చూసింది. ఒక్కసారి గట్టిగా తుమ్మింది. ఆ తర్వాత వెనక్కి తిరిగి వచ్చి, భద్రి మోకాలికి ఒళ్ళానించి నిలబడింది. పోగు మధ్యలో ఉయ్యాలలా వాలిపోయింది.

ఇద్దరూ కొసదాకా వెళ్ళారు. ఒక్క పోగు తెగలేదు.

మార్కండయ్య తాత దగ్గరికి వచ్చాడు. "తాడేదే పిల్లా? నాకు కనబడదేం?" అన్నాడు.

"తాడు కాదు తాతా, పోగు. నీ పడుగులోదే. ఇదిగో."

తాత పోగును వేళ్ళ మధ్య పెట్టి తడుముతూ పోయాడు. "ఇదా! దీనికోసం వీధంతా జల్లెడ పట్టాను. మళ్ళీ ఎంత అద్దినా ఆ పసుపు కుదరలేదు. ఇన్ని ముళ్ళేమిటే దీనికి?"

"అవి నేను లాగినప్పటివి తాతా."

తాత ఇంకా తడిమాడు. కొస దగ్గర ముడి లేదు, నున్నగా ఉంది. "మరి ఇక్కడో?"

"అక్కడికొచ్చేసరికి నాకు నడవడం వచ్చింది."

తాత వంగి, గంజి మెడనుంచి పోగు తానే విప్పి, పడుగులో ఖాళీగా ఉన్న చోట అతికాడు. "ముళ్ళతోనే ఉండనీ. కాపురానికి వెళ్ళే పిల్ల కట్టే చీర కదా, లాగాలనిపించినప్పుడల్లా తడుముకుంటుంది" అన్నాడు. బండివాడి వైపు తిరిగి, పొమ్మని చెయ్యూపాడు. బండి ఖాళీగా ఏరు దాటింది.

అప్పుడు అందరికీ గుర్తొచ్చింది. గంజి మెడలో ఇప్పుడు ఏమీ లేదు! పక్కనే పడుగు, పక్కనే కుండ. భద్రి మాత్రం వెనక్కి చూడలేదు. వేలికి పోగు ఇంకా ఉన్నట్టే చెయ్యి కొంచెం చాచి, మెల్లగా ఇంటివైపు నడిచింది. గంజి ఆ చేతి కిందే నడిచింది.

ఇంక కళ్ళు మూసుకో బంగారం.

లాగి లాగి పోగు తెగె,
ఆగి ఆగి కుక్క నడిచె,
తెగిన పోగు పడుగు చేరె,
తిరిగి గంజి గడప చేరె.
కథేమో కంచి దారి పట్టె,
కన్నేమో నిద్ర దారి పట్టె.