గుమ్మంలో గీతలు

సామర్లకోటలో వీరభద్రం అనే రిటైరైన డ్రిల్లు మాస్టారు ఉండేవాడు. చీపురో, చేటో, ముగ్గుపిండో ముట్టుకుంటే మగతనం మైలపడుతుందని ఆయన నమ్మకం. కొడుకు జగదీశ్‌కి ఆస్తి పెద్దగా ఇవ్వలేకపోయినా, ఆ నమ్మకం మాత్రం నిండుగా ఇచ్చాడు.

ముసలితనంలో వీరభద్రానికి పార్కిన్సన్స్ జబ్బు వచ్చింది. చేతులు వణికేవి. గొంతు సన్నబడింది. అన్నిటికంటే కష్టం గుమ్మాల దగ్గర. గదిలో ఎలాగో నడిచేవాడు, గుమ్మం రాగానే కాళ్లు నేలకి అతుక్కుపోయేవి.

ఒకరోజు వాకిట్లో ముగ్గు గీతని ఆయన సులువుగా దాటడం భార్య మాణిక్యం కనిపెట్టింది. నేలమీద అడ్డగీత కనబడితే, దాన్ని దాటాలని కాలు దానంతటదే లేస్తోంది. డాక్టరుకి చెబితే, "ఈ జబ్బులో అలా జరుగుతుందమ్మా, గీతలు వేస్తూ ఉండండి" అన్నాడు. అప్పట్నుంచి ఆమె రోజూ చీకటితోనే లేచి, మంచం దగ్గర్నుంచి బాత్రూము దాకా అడుగుకో గీత వేసేది. మధ్యాహ్నానికి చెరిగిపోయేవి. మళ్లీ వేసేది. వంగి వంగి ఆమె నడుము పట్టేసింది.

"ఒరే, రంగు తెచ్చి ఒక్కసారి గీసెయ్యరా" అని కొడుకుని అడిగింది.

"నన్ను ముగ్గులెయ్యమంటావా అమ్మా?" అని నవ్వాడు జగదీశ్.

"బంగారంలాంటి గచ్చు పాడుచేస్తారా? నువ్వెలాగూ పొద్దున్నే లేస్తావుగా" అన్నాడు వీరభద్రం. "వీడికి పెళ్లి చేసేద్దాం. కోడలొస్తే నీకూ సుఖం."

"గీతలు గియ్యడానికా పెళ్లి?" అంది మాణిక్యం. ఇద్దరూ వినిపించుకోలేదు.

ఒకనాడు ఆమెకి చలిజ్వరం వచ్చింది. తెల్లారింది, గీతలు లేవు. వీరభద్రం బాత్రూముకని బయలుదేరి గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఏమే! గీతలేవీ?"

జగదీశ్ పరుగెత్తుకొచ్చి తండ్రి చెయ్యి పట్టి లాగాడు. ఒళ్లు ముందుకొచ్చింది, కాళ్లు రాలేదు. వీరభద్రం పడబోయి తలుపు పట్టుకున్నాడు.

"లాగకురా, పడిపోతారు!" అంది మాణిక్యం దుప్పట్లోంచి. "డబ్బాలో పిండి ఉంది. గీతలు వెయ్యి."

"నాకు రాదమ్మా."

"నేను మాత్రం పుట్టగానే వేశానా?"

"వాడికెందుకే అవన్నీ? నువ్వే ఒక్కసారి లే. ఆగేట్టు లేదు" అని బతిమాలాడు వీరభద్రం.

ఆ మాట అంటే ఆమె ఎప్పుడూ లేచేది. ఆ రోజు లేవలేదు. ఒంట్లో ఓపిక లేక కొంత, మనసులో లేక కొంత.

పంచె తడిసింది. ఊళ్లో పిల్లలందరినీ కుడి, ఎడమ అంటూ నడిపించిన మనిషి కొడుకు ముందు తల దించుకుని నిలబడ్డాడు. జగదీశ్ గచ్చు తుడిచి, చతికిలబడి, పిండి తీసి గీతలు వేశాడు. వీరభద్రం మొదటి గీత వైపు చూశాడు. కాలు లేచింది.

"వంకరగా వేశావు" అని గొణిగాడు.

"అడుగు పడింది కదా" అంది మాణిక్యం, గోడవైపు తిరిగి.

సాయంత్రం జగదీశ్ రంగు డబ్బా తెచ్చాడు. ఆ మాత్రానికి మెచ్చుకుంటుందేమోనని తల్లి వైపు చూశాడు. ఆమెకి ఆ ఓపిక కూడా లేదు, నిద్రపోతోంది.

నీతి: ఇంట్లో ఒక్క మనిషికే వచ్చిన పనిని ఆమె ప్రేమ అని పొగడకండి, అది మిగతావాళ్లు నేర్చుకోకుండా తప్పించుకున్న పని.