చెలమమ్మకు గుప్పెడు ఇసుక

అయ్యా, ఆగు. అమ్మకు మొక్కావు, తీర్థం తాగావు, ఇంటికి సీసా నిండా పట్టుకున్నావు. బాగుంది. కాళ్లకు అంటిన ఇసుక దులుపుకోకుండా బస్సు మెట్టు ఎక్కుతున్నావే, ఆ ఇసుక ఎవరిది? తెలియక చేశానంటావు. ఇక్కడ పాడు చేసినవాళ్లంతా ఆ మాటే అన్నారు. దిగు. కాళ్లు దులుపుకో. ఈ చోటి కథ విని వెళ్లు.

చిన్నేటిలో, ఊటపల్లెకు దిగువన వెలసిన చెలమమ్మకు విగ్రహం లేదు, గోపురం లేదు. ఇసుకలో చేతులతో తోడిన గుంతను ఈ సీమలో చెలమ అంటారు. ఆ చెలమలో ఊరే నీరే అమ్మవారు. చుట్టూ పేర్చిన రాళ్లకు పసుపు పూసి, మంగళవారం పొంగలి పెడతారు. ఏ క్షేత్రానికి వెళ్లినా భక్తులు అక్కడి నుంచి ఏదో ఒకటి తెచ్చుకుంటారు. ఇక్కడ మాత్రం ఇంటి నుంచి గుప్పెడు ఇసుక కొంగున ముడివేసుకుని వచ్చి, చెలమ పక్కన పోసి దండం పెడతారు. ఏరంతా ఇసుకే కదా, మళ్లీ తేవడమెందుకని కొత్తవారు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే.

పూర్వం ఇక్కడ, మన పెద్దల కాలంలో, వరుసగా వానలు తప్పాయి. బావులు ఎండాయి. పశువులను అయినకాడికి సంతలో వదిలేసుకున్నారు. ఊటపల్లె రైతు కుళ్లాయప్ప తన ఎద్దులను అమ్మలేక, తాగించడానికి నీళ్లు లేక, ఒక మధ్యాహ్నం ఏటి గట్టున కానుగ నీడలో పడుకున్నాడు. కునుకు పట్టగానే తడి కోక కట్టుకున్న ఒక ముత్తైదువ కలలో కనిపించింది. "నీ కాళ్ల కిందనే ఉన్నాను, తోడుకో. ఈ ఇసుకే నా కోక. దాన్ని ఎవరూ లాగకుండా నువ్వు చూసుకో, నీ ఊరికి కరువు లేకుండా నేను చూసుకుంటాను" అని చెప్పింది.

కుళ్లాయప్ప లేచి చేతులతోనే తోడాడు. నీరు ఊరింది. మొదట ఎద్దులు తాగాయి, తరువాత ఊరు తాగింది. ఊరంతా పారలు పట్టి ఆ ఊట నుంచి పొలాల దాకా కాలువ తీసింది. ఏటా వేసవి చివర ఇంటికొకరు చొప్పున పూడిక తీయాలని, మొదటి పార కుళ్లాయప్పే వేయాలని కట్టుబాటు చేసుకున్నారు. చెలమకు పూజ చేసే బాధ్యత సుంకమ్మ అనే పెద్దామె తీసుకుంది.

నీళ్లు చూపినవాడికి జనం ఏమి ఇవ్వరు? కుళ్లాయప్పను సర్పంచిని చేశారు. తరువాత శాసనసభకు నిలబెట్టారు. అతడు గడప గడపకూ నడిచి ఓటు అడిగాడు. గెలిచిన నాడు ఊరేగింపు వద్దని చెప్పి, చెప్పులు చేతపట్టుకుని ఏట్లోకి దిగి, చెలమ నీళ్లు నెత్తిన పోసుకున్నాడు. ఉన్నమాట చెప్పాలి, మొదట అతడు మంచి శాసనసభ్యుడు. సభలో మెట్ట రైతు కష్టం గురించి మాట్లాడేవాడు. పూడిక తీసే రోజున ఎక్కడున్నా వచ్చి మొదటి పార వేసేవాడు.

పాపం ఎప్పుడూ పాపం వేషంలో రాదు. బడి కట్టాలన్నారు, ఇసుక కావాలన్నారు. పిల్లల చదువుకే కదా అని కుళ్లాయప్ప బండ్లను ఏట్లోకి దింపనిచ్చాడు. బడి తరువాత రోడ్డు వచ్చింది. రోడ్డు తరువాత అతడి సొంత మిద్దె వచ్చింది. రోడ్డు ఉంది కనుక పట్నం లారీలు వచ్చాయి. అడ్డు చెప్పవలసిన ఊరు నోరు మూసుకుంది. ఊరికే మూసుకోలేదు. ప్రతి పెరట్లోనూ ఒక ఇసుక కుప్ప చేరింది.

సుంకమ్మ ఒక్కతే మిద్దె దగ్గరకు వెళ్లి, అమ్మ ఇసుకను ఎందుకు పోనిస్తున్నావని అడిగింది. కుళ్లాయప్ప నవ్వాడు.

"ఏట్లో ఇసుకకు కొదవా సుంకక్కా? గాలి తోలితే కండ్లలో పడేంత ఉంది."

"పడనీలేప్పా. అప్పుడన్నా కండ్లు తెరుస్తావేమో" అని ఆమె వచ్చేసింది.

ఆ ఏడు పూడిక తీసే రోజున అతడు రాలేదు, మనిషిని పంపాడు. మరుసటి వేసవికి చెలమలో నీరు కిందికి జారింది. ఆ పై వేసవికి చెలమే ఎండింది. కాలువలో పల్లేరు మొలిచింది. కుళ్లాయప్ప చీనీ తోటలో బత్తాయి చెట్లు నిలువునా మాడాయి. ఎన్నికల్లో సొంత ఊరే అతడికి ఓటు వేయలేదు. అతడు పార పట్టి చెలమ తోడబోతే బండ తగిలింది.

ఆ మధ్యాహ్నం అదే కానుగ కింద అతడికి మళ్లీ కల వచ్చింది. ఈసారి ఆమె మోకాళ్ల మీద తల వాల్చి, ముఖం చూపకుండా కూర్చుని ఉంది. "తీసింది తెచ్చివ్వు" అన్నది, అంతే.

అతడు మిద్దె గోడ పగలగొట్టించి, ఆ పెళ్లలు గంపకెత్తుకుని ఏట్లోకి వచ్చాడు. సుంకమ్మ అడ్డం నిలిచింది.

"ఇది ఇసుక కాదు కుళ్లాయప్పా. సిమెంటు తాగిన ఇసుక నీళ్లు తాగదు."

"మరి నేనేం చెయ్యాలక్కా?"

"ఓటు కావాలన్నప్పుడు ప్రతి గడపా తొక్కినావు కదా. ఇప్పుడూ తొక్కు."

అతడు గంప చంకన పెట్టుకుని బయలుదేరాడు. మొదటి వాకిట్లోనే అరుగు మీది వాళ్లు నవ్వారు. "ఏమన్నా, ఈ తూరి ఏం గుర్తు?" అని ఒకడు అడిగాడు.

"గుప్పెడు ఇసుక" అన్నాడు కుళ్లాయప్ప.

నవ్వినవాడు మరి నవ్వలేదు. తన పెరటి కుప్ప గుర్తుకొచ్చింది కాబోలు, లోపలికి వెళ్లి చేటతో తెచ్చి పోశాడు. తరువాత కొందరు తలుపు వేసుకున్నారు, కొందరు సిగ్గుపడి తామే గంపలు మోశారు. లారీలను ఊరే ఆపింది. కుళ్లాయప్ప ఇరుగుపొరుగు ఊళ్లన్నీ తిరిగి, ముసలితనం వచ్చేదాకా అడుక్కున్నాడు. మనం తెచ్చే గుప్పెడు ఇసుక అతడు మొదలుపెట్టిన గంపలోదే.

ఇప్పుడు చెలమ ఏ వేసవిలోనూ ఎండడం లేదు. ఈ నీరు తాగించిన పశువు నిలదొక్కుకుంటుందని రైతుల నమ్మకం. ఎన్నికలకు నిలబడేవారు సర్పంచి మొదలు ఎవరైనా సరే, నామినేషనుకు ముందు వచ్చి ఇక్కడ ఇసుక పోసి, మాట్లాడకుండా వెళ్లాలి. దండలు, శాలువాలు గట్టు మీదనే వదలాలి. భక్తితో ఇసుక పోసినవారి ఇంట నీటికి లోటుండదు.

అయితే కుళ్లాయప్ప ఈ నీరు చూడలేదు. నిండు వేసవిలో మంచం పట్టి, చెలమ నీళ్లు ఒక్క గుక్క కావాలన్నాడు. భార్య ఓబులమ్మ చెంబు తీసుకుని ఏటికి పరుగెత్తింది. చెలమలోకి ముంచితే ఇసుకే వచ్చింది. ఊరికి నీళ్లు చూపినవాడి నోట్లో, పట్నం నుంచి వచ్చిన ట్యాంకరు నీళ్లతో తులసి తీర్థం పోశారు. ఆ వానాకాలంలోనే చెలమ ఊరింది.

చెంబుతో నీళ్లకు వెళ్లిన ఆ నాడు ఓబులమ్మ ఏట్లో ఎంతోసేపు నిలబడలేదట. చెంబును బోర్లించి, లోపల అంటుకున్న ఇసుకను వేలితో రాల్చి, ఒక్క రేణువు కూడా లేదని చూసుకుని, ఖాళీ చెంబుతో ఇంటికి నడిచింది.