ఇరుగట్ల వాయనము

అందరును అక్షతలు చేతబట్టి, ముచ్చట్లు మాని వినుడు.

హారీతుడను ముని శాకల్యునితో, "స్వామీ, చిరకాలముగా పెద్దదైన పట్టణము పక్కనే మరొకటి పైకి లేచినచో, రెండును కొట్టుకొని చావక బ్రతుకు వ్రతమేదైన గలదా?" అని అడిగెను. శాకల్యుడు నిట్టూర్చి, వ్రతమున్నది గాని చేయువారికే ఓర్పు లేదని ఇట్లు చెప్పెను.

పూర్వము ఒక యేటి ఈవలి గట్టున విరజాపురము తాతలనాటి నుండి పెత్తనము చేయుచుండెను. ఆవలి గట్టున మణిరేవు నిన్నటిదాక చేపలెండబెట్టు చోటు. ఓడలు వచ్చి, చూచుచుండగనే బలిసెను. ఇక్కడ బురుజు కట్టిన అక్కడ అంతకన్న ఎత్తు బురుజు. అక్కడ ఏనుగును కొన్న ఇక్కడ రెండు. విరజాపుర పురోహితుడైన భద్రసోమయాజికి ఇది చూచి ప్రాణము విసిగెను. ఆయన కొడుకు ఈ సేనలో విలుకాడు, అల్లుడు ఆ సేనలో విలుకాడు.

ఏటేట గట్టుతల్లి వ్రతము ముగియునాడు ఇరువురు రాణులును నడియేట పడవలో కలిసికొందురు. విరజాపురపు రాణి వకుళావతి చేటలో వాయనమిచ్చుట, మణిరేవు రాణి కేతకి కొంగు చాపి పుచ్చుకొనుట ఆచారము. ఆ యేడు కేతకియు చేటతో వచ్చెను. "ఇస్తినమ్మ వాయనము" అని ఇరువురును అనిరి. పుచ్చుకొంటినని ఒక్కరును అనరైరి. చేటలలోని పులగము పులిసెను, వ్రతము చెడెను. గట్టు కాయువారిని బురుజులకు పిలిచికొనగా, వరదకు రెండు గట్లును తెగి పొలములు మునిగెను.

బుద్ధి వచ్చెనా? రాలేదు. మరుసటి యేడు మరింత పెద్ద చేటలు తెచ్చిరి. పడవ ఒరిగి వాయనములు ఏటిపాలయ్యెను. నీవు తోసితివన్న నీవు తోసితివని తగవు ముదిరెను. ఆ పై యేడు గట్లమీద ఇరుసేనలును విండ్లెక్కుపెట్టి నిలువగా, రాణులు మరల చేటలతోనే వచ్చిరి.

వ్రతము నడుపుటకు వారితో వచ్చిన సోమయాజి ఇక తాళలేక పడవలో లేచి నిలిచి, "అమ్మా, నా వాయనం పుచ్చుకున్నదెవరని అడిగితే పుచ్చుకున్నావిడ ఏమంటుంది? గట్టుతల్లినంటుంది. ఆ తల్లి చోటు నాకొద్దంటే నాకొద్దని ఇన్నేళ్ళు కొట్టుకున్నారు. మీలో ఎవరు గెలిచినా ఏడుపు నా ఇంట్లోనే" అనెను.

అది విని ఇరువురును చేటలు దించి, ఒక్కమారే కొంగులు చాపిరి. ఇప్పుడు ఇచ్చువారు లేరైరి. సోమయాజి తల బాదుకొని, ఆమె చేట ఈమె ఒడిలోను, ఈమె చేట ఆమె ఒడిలోను తానే పెట్టెను. వకుళావతికి సిగ్గును నవ్వును కలిసివచ్చి, "పుచ్చుకొంటినమ్మ వాయనము" అనెను. కేతకియు అనెను. గట్లమీద విండ్లు దిగెను. ఆ పూటనే కొడుకును అల్లుడును ఒకే తట్ట పట్టి తెగిన గట్టుకు మట్టి మోయుచుండగా, సోమయాజి చూచి ఏడ్చెను.

కావున ఏలువారును, ఏలగోరువారును, ఒకే వీధిలో అంగళ్ళు పెట్టినవారును, తోడికోడండ్రును ఈ వ్రతము చేయవలెను. ఈ యేడు ఇచ్చినవారు మరుయేడు పుచ్చుకొనవలెను. అట్లు చేసినవారి గట్లు నిలుచును, పైరు ఇల్లు చేరును, కాపలాకు పంపిన బిడ్డలు తిరిగివత్తురు.

ఇక అక్షతలు వేయుడు. మీ తలపై కాదు, ముందు పక్కవారి తలపై.