పడవవాడు లేని పడవ

"చెయ్యి నాదే కదా గురువుగారూ. మరి పేరెందుకు నాది కాదు?"

హత్సుయే ఎన్నాళ్ళ నుంచో మింగుతూ వచ్చిన మాట ఆ పొద్దున బయటపడింది. గురువు రొకుసాయ్ తలెత్తలేదు. రాతి పలక మీద సిరా కడ్డీ నూరుకుంటున్నారు.

జపాన్‌లో కొండల నడుమ వేడినీటి బుగ్గలున్న ఊరది. వెనకటి కాలంలో చెక్క మీద చెక్కి కాగితానికి అచ్చువేసిన బొమ్మలను చూసి, కుంచె పట్టి చేత్తో నకళ్ళు దించడం ఆయన వృత్తి. అడుగున ఓ మూల 'నకలు' అన్న ఎర్రటి ముద్ర వేసేవారు. తన పేరు కూడా పెట్టుకునేవారు కాదు.

హత్సుయే ఆయన దగ్గరే పెరిగి పెద్దదయింది. కత్తి చెక్కిన గీతకు ఒక పదునుంటుంది. దాన్ని కుంచెతో పట్టడం ఎవరికో గానీ చేతకాదు. ఆమెకు చేతనయింది. ముఖ్యంగా వాన. కాగితం పైఅంచు నుంచి కిందిదాకా ఒక్క ఊపిరిలో, సన్నగా, వణుకు లేకుండా గీతలు దించేది. చూసినవాళ్ళు "ఆహా, ఎవరు వేశారు?" అనేవారు. ఎర్రటి ముద్ర తప్ప జవాబు ఉండేది కాదు. అదీ ఆమె బాధ.

"ఆ పడమటి గోడ అచ్చుబొమ్మ కిందికి దించు. కురాహషి గారు వస్తానన్నారు," అన్నారు గురువు. అంతే.

కురాహషి ఆ ఊళ్ళో అన్నిటికన్నా పెద్ద విడిది గృహం యజమాని. కొత్తగా కట్టిన భోజనశాల గోడకు ఆయనకో పెద్ద బొమ్మ కావాలి. ఎంచుకున్నది ఆ పడమటి గోడ బొమ్మే, వానలో ఏరు దాటుతున్న పడవ. గొడుగుల కింద ఒదిగిన ఆడవాళ్ళు, పొంగుతున్న నీళ్ళు, పడవ చివర గడ వేస్తున్న ముసలివాడు. వాడి ఒంటి మీద గోచీ తప్ప ఏమీ లేదు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. గడ రాసుకుని భుజం మీద పుండు.

"అంతా బాగుంది గానీ, వీడొద్దు," అన్నారు కురాహషి ముసలివాణ్ణి చూపిస్తూ. "కింద కూర్చుని మా అతిథులు భోంచెయ్యాలి. తీసెయ్యండి."

కురాహషి హత్సుయే వైపు తిరిగారు.

"వాన వేసేది నువ్వేనటగా అమ్మాయ్? నేను చెప్పినట్టు వెయ్యి. ఎర్ర ముద్ర అక్కర్లేదు. నీ పేరే పెద్దగా రాసుకో. ఊరంతా చదువుతుంది."

హత్సుయే గురువు వైపు చూసింది.

"అడిగింది నిన్ను," అన్నారాయన.

"వేస్తానండీ," అంది.

కురాహషి వెళ్ళాక బొగ్గుతో చిత్తు గీసుకుంది. ముసలివాణ్ణి వదిలేసింది. గడ ఒంటరిగా నిలబడింది. గడనూ తీసేసింది. ఇప్పుడు నిండు ఏట్లో ఆడవాళ్ళ పడవ ఎవరూ నడపకుండానే పోతోంది. ఎవరు పట్టించుకుంటారులే అనుకుంది.

గోడంత కాగితం పరిచి రంగులు కలుపుతుంటే రొకుసాయ్ వచ్చి పక్కన కూర్చున్నారు. కుంచె సిరాలో ముంచి ఆమె చేతికిచ్చారు.

"ముందు పేరు రాయి."

"బొమ్మ అయ్యాక కదండీ రాసేది?"

"నీ పేరే కదా. ముందు రాస్తే ఏం?"

ఆ గొంతులో ఎగతాళి ఉందేమోనని వెతికింది. లేదు. అయినా ఆమెకు పౌరుషం వచ్చింది. ఎడమ అంచున నిలువుగా, పెద్ద అక్షరాలతో 'హత్సుయే' అని రాసింది. సిరా కాగితంలోకి ఇంకింది. గురువు లేచి వెళ్ళిపోయారు.

తెల్లటి కాగితం, దాని మీద తన పేరు. ఇంకేమీ లేదు. ఇక దాని పక్కన ఏం వేసినా అది తన మాటే. తర్వాత బొగ్గు చిత్తును మడిచి పొయ్యిలో పడేసింది.

బొమ్మ పూర్తయ్యాక కురాహషి ఇద్దరు పనివాళ్ళతో వచ్చారు. వాన చూసి ఆయన ముఖం వికసించింది. పడవ చివరికి వచ్చేసరికి మాడిపోయింది.

ముసలివాడు అక్కడే ఉన్నాడు. ఎముకలు, పుండు, గోచీ, దేనికీ లోటు లేదు.

"తీసెయ్యమన్నానా?"

"అన్నారు."

"వేస్తానన్నావా?"

"అన్నాను. తప్పు ఒప్పుకుంటున్నాను. ఈయన్ని మాత్రం తియ్యను."

"నకళ్ళు గీసుకునేవాళ్ళకి ఇంత పట్టింపా?"

హత్సుయే వేలితో ముసలివాణ్ణి చూపించింది.

"నకలు కాబట్టేనండీ. ఉన్నవాణ్ణి లేడని చెప్పదు."

కురాహషి గిరుక్కున రొకుసాయ్ వైపు తిరిగారు. "మీ శిష్యురాలికి మీరైనా చెప్పండి."

రొకుసాయ్ బొమ్మ దగ్గరికి వచ్చారు. వంగి, ఎడమ అంచున ఉన్న పేరును కొత్తగా చూస్తున్నట్టు కూడబలుక్కుని చదివారు.

"ఇందులో నా పేరు లేదే కురాహషి గారూ."

కురాహషి ఇక నిలవలేదు. మళ్ళీ ఈ గుమ్మం తొక్కితే ఒట్టు అన్నారు, ఊళ్ళో ఏ విడిది వాడూ తొక్కకుండా చూస్తానన్నారు. పనివాళ్ళు ఖాళీ చేతులతో ఆయన వెనకాలే పరుగెత్తారు.

చేసిందేమిటో అప్పుడు తెలిసొచ్చింది హత్సుయేకు. ఆ ఊళ్ళో బొమ్మలు కొనేది విడిది వాళ్ళే.

"గురువుగారూ, ఇక మనకి పనెవరిస్తారు?"

రొకుసాయ్ అప్పటికే ఇంకో అచ్చుబొమ్మను ఆమె ముందు పరుస్తున్నారు. దాని అంచులు జాగ్రత్తగా సర్ది, పైన బరువు పెట్టారు.

"తీసెయ్యమనేవాళ్ళు ఇవ్వరు," అన్నారు.