ఎక్కం రానివాళ్ల కుర్చీ

తవిటయ్య మాస్టారికి ఒక అలవాటుండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు, అది దొరికే చోటికి తీసుకెళ్లడానికి చెప్పుల కోసం వెతుక్కునేవారు. ఉద్యోగం నుంచి దిగిపోయి చాన్నాళ్లయినా అది పోలేదు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లకు ఈ సంగతి బాగా ఎరుకే. అందుకే ప్రశ్నతో వచ్చినవాళ్లు లోపలికి రాకుండా గుమ్మం బయటే నిలబడేవారు.

ఆ ఉదయం అలా నిలబడింది హైమవతి. ఒకప్పటి శిష్యురాలు, ఇప్పుడు ఆ చిన్న మండలానికి విద్యాధికారి. మండలం మొత్తానికి ప్రాథమిక బడులు మూడే. ఊళ్లో పెద్దబడి, సంత పక్కన సంతబడి, ఉప్పు పండించే మళ్లలో, అదే కొఠార్లలో, పనిచేసే కూలీల పిల్లల కోసం కొఠార్ల బడి. మూడింటినీ పోల్చి, వెనకబడినదాన్ని మూసి పెద్దబడిలో కలపమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మార్కులు చూస్తే కొఠార్ల బడే ఆఖరు. అది మూస్తే ఆ పసివాళ్లు రోజూ లారీలు దూసుకుపోయే రోడ్డు దాటి రావాలి. మూయనని చెప్పడానికి ఆమెకు కారణం దొరకలేదు, మూయడానికి చేతులు రాలేదు. పాపం, కంటి మీద కునుకు లేదు.

“మాస్టారూ, బడిని బడితో ఎలా పోల్చాలండీ?”

మాస్టారు చెప్పులు తొడుక్కున్నారు.

ముందు పెద్దబడికి వెళ్లారు. నిజం చెప్పొద్దూ, ముచ్చటైన బడి! పిల్లలు ఒక్కసారిగా లేచి, ఒక్క గొంతుతో నమస్కారం పెట్టారు. ఎక్కాలు గడగడా అప్పజెప్పారు. హైమవతి ముఖం విప్పారింది. మాస్టారు కూడా “భేష్” అన్నారు. ఆపైన, “మీలో వెనకబడింది ఎవర్రా?” అని అడిగారు. అడగడమే తరువాయి, తరగతిలో వేళ్లన్నీ ఒక్క పిల్లాడి వైపు తిరిగాయి. వాడు పుస్తకం వెనక ముఖం దాచుకున్నాడు. మాస్టారు వాడి తల నిమిరి బయటికి వచ్చేశారు. సంతబడిలోనూ అదే తంతు. వేళ్లు కాస్త ఆలస్యంగా లేచాయి, అంతే తేడా.

కొఠార్ల బడికి ఉన్నది ఒక్క గది, ఒక్క టీచరు, ఒక్క కుర్చీ. ఆ కుర్చీలో ఒక గుప్పెడంత పిల్ల, కాళ్లు నేలకందక ఊపుకుంటూ, మహారాణిలా కూర్చుని ఉంది. టీచరు రాజులమ్మ పక్కన నిలబడి ఉంది. అధికారి రాగానే పిల్లలంతా నమస్కారం పెట్టారు. కుర్చీలో పిల్ల కూడా పెట్టింది. పెట్టిందే గానీ, లేస్తే ఒట్టు!

హైమవతికి చుర్రుమంది. మార్కులు లేకపోతే మానె, మర్యాదైనా లేదా?

“ఇదేం పద్ధతి టీచరుగారూ? పిల్లకి కుర్చీ వేసి మీరు నిలబడతారా?”

“దానికింకా ఏడో ఎక్కం రాలేదండీ,” అంది రాజులమ్మ, అంతకన్నా చెప్పడానికేముందన్నట్టు.

మాస్టారు నవ్వుకుని, “మీలో వెనకబడింది ఎవరమ్మా?” అని అడిగారు. ఒక్క వేలూ లేవలేదు. కుర్చీలో పిల్లే చెయ్యెత్తింది. దాని పేరు నూకరత్నం.

“నేనే తాతా! ఇయాల నేను. నిన్న సింహాద్రి.”

ఆ బడి ఆచారం అది. పాఠం రానివాళ్లది కుర్చీ. వచ్చినవాళ్లు చుట్టూ చేరి నేర్పాలి. వచ్చేదాకా టీచరు కూడా లెమ్మనకూడదు. ఉప్పు తీసే రోజుల్లో అక్కడి పిల్లలు అమ్మానాన్నల వెంట కొఠార్లకు పోతారు. మరో చోటైతే, పాఠాలు పోయాయన్న సిగ్గుతో మళ్లీ బడి గడప తొక్కరు. ఇక్కడ మాత్రం కుర్చీ కోసమైనా పరిగెత్తుకొస్తారు.

నూకరత్నం ఎక్కం మొదలెట్టింది. ఏడెనిమిదుల దగ్గర బండి ఆగింది. పక్కవాళ్లంతా నోళ్లు బిగబట్టుకుని దాని ముఖంలోకే చూస్తున్నారు. ఎవరూ అందించలేదు, ఎవరూ నవ్వలేదు. “యాభయ్యారు!” అని అది అరిచేసరికి గదంతా దానికన్నా గట్టిగా అరిచింది. పిల్ల కుర్చీలోంచి దూకింది. హైమవతికి కళ్లు చెమర్చాయి. ఇంతకాలం కాగితాల్లో తను చూసిన బడి ఇదేనా అనుకుంది.

“ఇప్పుడు చెప్పమ్మా,” అన్నారు మాస్టారు. “ఏ బడి వెనకబడింది?”

“మార్కుల్లో ఇదే మాస్టారూ. కానీ దీన్ని ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు.”

నూకరత్నం ఆమె కొంగు పట్టుకుంది. “మీకు రానేదా మేడమ్? అయితే కుర్చీలో కూకోండి.”

“ఏయ్, తప్పు!” అని రాజులమ్మ నాలిక్కరుచుకుంది. హైమవతి మాత్రం నిజంగానే కూర్చుంది. పిల్లలు అలవాటు ప్రకారం చుట్టూ మూగి, ఆమె ముఖంలోకి చూస్తూ నిలబడ్డారు. ఆమె ఒక్కొక్కరినే చూస్తూ నెమ్మదిగా అంది: “వెనకబడిందనే రాస్తాను. అందుకే మూయొద్దని, పెద్దబడి నుంచి ఒక టీచర్ని ఇక్కడికి పంపమని రాస్తాను. మాట పడితే పడతాను.”

మనసు తేలికై ఆమె లేవబోయింది. మాస్టారు భుజం మీద చెయ్యి వేసి ఆపారు.

“కూర్చో తల్లీ, సగమే వచ్చింది. పెద్దబడిలో ఆ పిల్లాడికి కుర్చీ ఎవరు వేస్తారు?”