వంత తమ్ముడూ, కుళ్ళుకున్న అన్నా

అనగనగా నేరేడుకోట అనే రాజ్యం. దానికో రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. రాజులకు ఎప్పుడూ ముగ్గురు కొడుకులే ఎందుకని అడగకండి. ఇద్దరైతే పోట్లాట చాలదు, నలుగురైతే నాకు పేర్లు గుర్తుండవు.

నేరేడుకోటలో ఒక ఆచారం ఉండేది. మీసం మొలిచే వేళకు ప్రతి మగపిల్లవాడూ మూడు విద్యల్లో ఒకటి పట్టాలి. మొదటిది కత్తి, రెండోది మంత్రం, మూడోది వంత. వంత అంటే ఏమిటంటారా? కథ చెప్పేవాడి పక్కన కూర్చోవాలి. చోటు చూసి "ఊ" అనాలి. చెప్పేవాడు ఆగితే "ఆపైన?" అనాలి. నవ్వాల్సిన చోట నవ్వాలి, నిట్టూర్చాల్సిన చోట నిట్టూర్చాలి. అంతే, ఇంకేం లేదు.

ఇదీ ఒక విద్యేనా అని ఊరంతా నవ్వేది. విందుల్లో కత్తివాళ్ళకు మొదటి పంక్తి, మంత్రంవాళ్ళకు రెండో పంక్తి. వంతవాళ్ళు కూర్చునేసరికి బూరెలు అయిపోయేవి, పులుసులో ముక్కలు అయిపోయేవి, మజ్జిగలో నీళ్ళు మాత్రం పుష్కలంగా ఉండేవి. అయితే సాహసయాత్రకు వెళ్ళే జట్టులో మూడు విద్యలవాళ్ళూ ఉండి తీరాలని పాతకాలం నాటి కట్టుబాటు. కట్టుబాటు కాబట్టి వంతవాణ్ణి వెంట తీసుకెళ్ళేవారు. ఎలాగూ వస్తున్నాడు కదా అని మూట వాడి నెత్తిన పెట్టేవారు.

పెద్దవాడు రణకేతుడు కత్తి పట్టాడు. నడిపివాడు శశికేతుడు మంత్రం పట్టాడు. చిన్నవాడు పూలకేతుడు వెళ్ళి వెళ్ళి వంత పట్టాడు. రాణిగారు తలకు గుడ్డ కట్టుకుని పడుకుంది.

అందరూ చిన్నవాణ్ణి చూసి నవ్వారు గానీ రణకేతుడు నవ్వలేదు. ఎందుకంటారా? తలనొప్పి తగ్గగానే అమ్మ పిలిచింది చిన్నవాణ్ణే. పిలిచి, ఆ తలనొప్పి ఎలా వచ్చిందో, ఎక్కడ మొదలై ఎక్కడికి పాకిందో, ఎలా పోయిందో పొద్దెక్కే దాకా చెప్పింది. రణకేతుడు గుమ్మంలో నిలబడి చూశాడు.

"అమ్మా, నాకు చెప్పొచ్చు కదా?" అన్నాడు.

"నీకు చెబితే, ఎవణ్ణి నరకమంటావు అంటావు కదరా నాయనా" అంది అమ్మ.

ఆ నాటి నుంచి రణకేతుడికి అన్నం సయించలేదు. వంటవాడు తన బాధలు పూలకేతుడికే చెప్పేవాడు. మావటివాడూ అంతే. ఆఖరికి రణకేతుడి సొంత గుర్రం కూడా పూలకేతుడు కనబడితే తల తిప్పి సకిలించేది. గుర్రాన్ని మార్చేశాడు. కొత్త గుర్రమూ అలాగే చేసింది.

ఇలా ఉండగా పొరుగున పొగడపురం రాకుమారి మాలతీలతను ధూమకంఠుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. ఏడు సముద్రాల అవతల, ఒక దీవిలో దాచాడు. "నా కూతుర్ని తెచ్చిన జట్టులో తనకు నచ్చినవాణ్ణి తనే ఎంచుకుంటుంది" అని పొగడపురం రాజు చాటించాడు. అన్నదమ్ములు ముగ్గురూ బయలుదేరారు. మూట ఎవరి నెత్తిన ఉందో చెప్పాలా?

మొదటి సముద్రం ఒడ్డున కొండంత తాబేలు పడుకుని ఉంది.

"ఓ తాబేలూ, మమ్మల్ని అవతలికి దాటించు. లేదా నరుకుతాను" అన్నాడు రణకేతుడు. తాబేలు తల లోపలికి లాక్కుంది. కత్తి డిప్ప మీద ఖంగుమని సొట్టపోయింది. శశికేతుడు మంత్రం చదివాడు. తాబేలు ఒళ్ళు వెచ్చబడి, తల బయటపెట్టి హాయిగా నిద్రపోయింది.

పూలకేతుడు మూట దించి, పక్కన చతికిలబడ్డాడు. "ఏం తాతా, మొహం అలా వాడిపోయింది?"

తాబేలు ఒక కన్ను తెరిచింది. "ఏం చెప్పను నాయనా. పెద్దకోడలు."

"ఊ."

"ఎండ తగిలే ఇసుకంతా తనదే అంటుంది."

"అయ్యో. ఆపైన?"

ఆపైన ఏముంది, తాబేలుకు ఏడుగురు కోడళ్ళు. "ఎక్కి కూర్చో నాయనా, చెబుతాను" అంది. సముద్రానికొక కోడలు చొప్పున ఏడు సముద్రాలూ దాటించింది. రణకేతుడు డిప్ప మీద కూర్చుని పళ్ళు నూరుకున్నాడు. నాలుగో సముద్రంలో ఉండబట్టలేక తనూ మొదలుపెట్టాడు: "ఊ. ఊ ఊ. ఊ."

తాబేలు ఈత ఆపింది. "బాబూ, ముక్కులో ఏమన్నా దూరిందా?"

శశికేతుడు నవ్వాపుకోలేక నీళ్ళలో పడబోయాడు.

దీవిలో దిగగానే ఒక బెబ్బులి ఎదురొచ్చింది. పూలకేతుడు మూట దించి, "ఏం మామా, ఎక్కడి నుంచి?" అన్నాడు. ఆ బెబ్బులికి చెప్పుకోవడానికి ఆకలి తప్ప ఇంకేమీ లేదు. ఒక్క దూకు దూకింది. పూలకేతుడు ఎక్కిన చెట్టు పేరేమిటో ఎక్కాక చూసుకున్నాడు. రణకేతుడు సొట్టకత్తితోనే దాన్ని పడగొట్టాడు. ఆ తర్వాత ఇనుపకోట తలుపు అడ్డొస్తే శశికేతుడి మంత్రమే తెరిచింది. పూలకేతుడు మూట మోశాడు. ఊరివాళ్ళ నవ్వులో కొంత న్యాయం ఉందని ఇక్కడ ఒప్పుకోక తప్పదు. రణకేతుడికైతే పుట్టిన తర్వాత అంత సంతోషమైన రోజు లేదు. "మూట మాత్రం చక్కగా మోస్తావురా చిన్నోడా" అని తమ్ముడి వీపు తట్టాడు కూడా.

మాంత్రికుడి ఇంటి వసారా నిండా పంజరాలు, పంజరానికొక చిలుక. కిటికీలోంచి మాలతీలత చెప్పింది. "వాడి ప్రాణం వీటిలో ఒక చిలుకలో ఉంది. ఏ చిలుకో తెలియదు. ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. తప్పు చిలుకను ముట్టుకుంటే ముట్టుకున్నవాళ్ళు రాయైపోతారు."

అంతలో ధూమకంఠుడు వస్తున్న చప్పుడైంది. అన్నలిద్దరూ పంజరాల వెనక నక్కారు. పూలకేతుడు అరుగు మీద మూట పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎవడ్రా నువ్వు?" అన్నాడు మాంత్రికుడు, గుప్పెట్లోకి బూడిద తీసుకుని.

"దారిన పోయేవాణ్ణి బాబాయ్. బాగా అలసినట్టున్నావు. కూర్చో. ఏం జరిగింది?"

ఆ మాట మాంత్రికుణ్ణి ఎవరూ అడగలేదు ఇంతవరకు. తన గొప్పలు చెప్పబోయిన ప్రతిసారీ ఎదుటివాడు ఆవులించేవాడు, వీడు వాణ్ణి రాయి చేసేవాడు. పెరట్లో ఉన్న రాళ్ళన్నీ ఆవులించినవాళ్ళే. ధూమకంఠుడు కూర్చున్నాడు.

"మా అన్న మంత్రం వేస్తే వాన కురిసేది. నేను వేస్తే నాకే తుమ్ములొచ్చేవి."

"ఊ."

"ఊరంతా వాడి వెనకే. ఆ కుళ్ళుతోనే ఇంతవాణ్ణయ్యాను." మాంత్రికుడు కళ్ళు తుడుచుకున్నాడు. "నీలా వినేవాడు ఉంటే నేను ఇలా అయ్యేవాణ్ణి కాదురా అబ్బాయ్."

పంజరాల వెనక రణకేతుడికి ఒళ్ళు మండిపోయింది. మాంత్రికుడు కూడానా! తమ్ముణ్ణి నెట్టుకుంటూ ముందుకొచ్చి కూర్చున్నాడు. "నేనూ వింటున్నాను. ఊ. అయితే ఆ ప్రాణం ఏ చిలుకలో ఉంది? ఊ?"

మాంత్రికుడు దిగ్గున లేచాడు. "ఓహో, జట్టుగా వచ్చారా" అని చేతిలో బూడిద విసిరాడు. రణకేతుడు పక్కకు ఒరిగి మూలకు జరిగాడు. బూడిద పూలకేతుడి కాళ్ళ మీద పడింది. పాదాలు రాయయ్యాయి, మోకాళ్ళు రాయవుతున్నాయి. మాంత్రికుడు రణకేతుడి కోసం ఇంకో గుప్పెడు తీశాడు.

పూలకేతుడు మెల్లగా, ఏమీ జరగనట్టే అడిగాడు. "ఊ... అన్న వాన కురిపించాడు, నీకు తుమ్ములొచ్చాయి. ఆపైన?"

మాంత్రికుడి చెయ్యి గాలిలో ఆగిపోయింది. సగంలో ఆగిన కథ గొంతులో అడ్డం పడ్డ ముద్ద లాంటిది, మింగాలి లేదా కక్కాలి. రణకేతుణ్ణి మరిచిపోయి, గుప్పెట్లో బూడిద అలాగే పట్టుకుని మళ్ళీ చతికిలబడ్డాడు. అన్నను ఎలా ఓడించాడో చెప్పాడు, ఊరు ఎలా వదిలాడో చెప్పాడు. "ఆ రోజే నా ప్రాణం తీసి దాచాను. మాట్లాడే చిలుకైతే ఎవరితోనైనా అనేస్తుంది కదా. అందుకని మూల పంజరంలో మూగచిలుకలో పెట్టాను" అన్నాడు.

ఆ మూల పక్కనే ఉన్నాడు రణకేతుడు. చిలుకను అందుకున్నాడు. మాంత్రికుడు ఇంకా చెబుతూనే ఉన్నాడు, పూలకేతుడు ఊ కొడుతూనే ఉన్నాడు. ఆ తర్వాత కొంచెం ఆలస్యమైంది. ఎందుకో అప్పుడు ఎవరికీ తెలియలేదు. చివరికి చిలుక మెడ తిరిగింది, ధూమకంఠుడు కుప్పకూలాడు. పూలకేతుడి ఛాతీ దాకా పాకిన రాయి కరిగిపోయింది. పెరట్లో రాళ్ళన్నీ మనుషులై, మిగిలిపోయిన ఆవులింతలు పూర్తి చేసుకున్నారు. మాలతీలత బయటికి వచ్చింది. తాబేలు అందర్నీ ఇవతలికి దాటించింది.

పొగడపురం కొలువులో రాజు అడిగాడు. "మాంత్రికుణ్ణి చంపింది ఎవరు?"

"నేను" అని రణకేతుడు ముందుకొచ్చాడు. నేరేడుకోట రాజూ రాణీ కూడా సభలోనే ఉన్నారు. చెప్పాల్సింది దారంతా వల్లె వేసుకున్నాడు. మొదలుపెట్టాడు. పూలకేతుడు అలవాటు కొద్దీ పక్కన కూర్చుని "ఊ" అన్నాడు.

పిల్లలూ, మంచి ఊ పడితే కథ ఎలా సాగుతుందో మీకు తెలుసు. బెబ్బులి ఇంకొంచెం పెద్దదైంది. ఇనుపకోట ఇంకొంచెం ఎత్తు పెరిగింది. సభంతా నోళ్ళు తెరిచింది. అమ్మ కూడా కళ్ళార్పకుండా తననే చూస్తోంది. రణకేతుడికి రెక్కలొచ్చినట్టయింది. వల్లె వేసుకున్నది ఎప్పుడు అయిపోయిందో తనకే తెలియలేదు.

"చిలుక నా చేతికి చిక్కింది."

"ఊ."

"చిక్కాక..." రణకేతుడు ఆగాడు.

"ఆపైన?" అన్నాడు పూలకేతుడు, ఎవరినైనా అడిగినట్టే.

"చిక్కాక నేను ఆగాను. తమ్ముడు నడుం దాకా రాయయ్యాడు. ఛాతీ దాకా రాయయ్యాడు. నేను చూస్తూనే ఉన్నాను. వీడు లేకపోతే అమ్మ కబుర్లన్నీ నాకే చెబుతుంది అనుకున్నాను."

రాణిగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రణకేతుడు తల ఎత్తలేదు.

"ఊ" అన్నాడు పూలకేతుడు. ఇందాకటి ఊ ఎలా ఉందో ఇదీ అలాగే ఉంది. "ఆపైన మెడ తిప్పావు కదన్నా. అదీ చెప్పు. కథ అక్కడ ఆగకూడదు."

"తిప్పాను" అన్నాడు రణకేతుడు. "నీ ఊ సన్నబడింది. ఇక అది వినబడదేమో అనిపించింది. తిప్పేశాను." అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. అమ్మ లేచి వచ్చి పక్కన కూర్చుంది.

మాలతీలత పూలకేతుణ్ణి ఎంచుకుంది. ఎందుకమ్మా అని తండ్రి అడిగితే, "ఎత్తుకుపోయిన నాటి నుంచి నేను చెప్పుకోవాల్సినవి చాలా ఉన్నాయి నాన్నా" అంది. పెళ్ళి విందులో వంతవాళ్ళను మొదటి పంక్తిలో కూర్చోబెడతామని పెద్దలు పట్టుబట్టారు. "పంక్తి మార్చకండి, బెబ్బులి వచ్చినప్పుడు నేను చెట్టు మీదున్నాను" అన్నాడు పూలకేతుడు. "బూరెలు మాత్రం ఇంకాసిని ఎక్కువ వండండి."

తండ్రి ఇస్తానన్న నేరేడుకోట సింహాసనం కూడా వద్దన్నాడు. "రాజైతే నేను చెప్పాలి, అందరూ ఊ కొట్టాలి. అది నాకు చేతకాదు" అని, భార్యతో పొగడపురంలోనే ఉండిపోయాడు. నేరేడుకోటకు రణకేతుడు రాజయ్యాడు. చాలా ఏళ్ళు చక్కగా ఏలాడు. కుళ్ళు పోయిందా అంటే, ఎక్కడ పోతుంది. జనం కొలువుకు వచ్చి, "చిన్నబాబుగారు లేరా?" అని అటూ ఇటూ చూసినప్పుడల్లా చురుక్కుమనేది.

ఒకసారి ఒక ముసలమ్మ వచ్చింది. మేక తప్పిపోయిందంది. మేక సంగతి చెబుతూ చెబుతూ, ఆ మేకను కొనిచ్చిన పోయిన మొగుడి కబుర్లలోకి వెళ్ళిపోయింది. రణకేతుడు ఎవణ్ణీ నరుకుతాననలేదు. "ఊ" అన్నాడు. సరైన చోట పడింది. ముసలమ్మ చెప్పడం ముగించి, కళ్ళు తుడుచుకుని, మేక గురించి అడగడం మరిచిపోయి వెళ్ళిపోయింది. మర్నాడు తన చెల్లెల్ని వెంటబెట్టుకొచ్చింది.

ఆ కబురు పొగడపురం చేరింది. "మీ అన్నగారి ఊ మీ ఊ కంటే బాగుంటుందటండీ" అంది మాలతీలత.

పూలకేతుడు ఆ పూట అన్నం సరిగా తినలేదట.

ఇక్కడికి కథ చల్లబడింది, పొయ్యీ చల్లబడింది. ఊ కొట్టినవాళ్ళకు బెల్లంముక్క. ఆవులించినవాళ్ళు పెరట్లోకి వెళ్ళి నిలబడండి.