వేడన్నపు కూర్చున్నమ్మ వ్రతకథ

పూర్వమొకప్పుడు ఏకాంతుడను బ్రహ్మచారి ముని, ఏడుగురు బిడ్డల తండ్రియైన భూరివ్రతముని ఆశ్రమమునకు వచ్చెను. వచ్చి మూడు మారులు ప్రశ్న అడుగబోయి, పిల్లల గోలలో తన మాట తనకే వినబడక, నాలుగవ మారు గొంతెత్తి యిట్లడిగెను. “మహాత్మా! పులులు తిరుగు అడవిలో తపస్సు చేసితిని గాని ఇంతటి అలజడి నేనెన్నడును ఎరుగను. చిన్నపిల్లలున్న ఇంట తల్లులు మతిచెడకుండ ఎట్లు బ్రతుకుచున్నారు? వారిని గట్టెక్కించు వ్రతమేదైన కలదా?”

భూరివ్రతుడు తన గడ్డమును చివరివాని పిడికిటి నుండి విడిపించుకొని, “ఉన్నది నాయనా. నా భార్య నన్ను కూర్చుండబెట్టి నేర్పిన వ్రతమే అది. చెప్పెదను, శ్రద్ధగా వినుము” అని ఇట్లు చెప్పసాగెను.

కాంస్యపురమను పట్టణమున రుద్రాచారి యను కంచరి ఉండెను. అతడు పోసిన కంచు కంచమును వ్రేలితో మీటిన మూడు వీధులకు వినబడునని జనులు చెప్పుకొనెడివారు. ఊరి వారందరును అతని కంచములలోనే భుజించుచుండిరి. అతని భార్య మాణిక్యాంబ మాత్రము కంచమున భుజించి ఆరేండ్లయ్యెను. ఏలయనగా ఆమెకు ముగ్గురు బిడ్డలు. పెద్దవాడు వీరన్నకు ఆరేండ్లు, నడిమిది కామాక్షికి నాలుగేండ్లు, చిన్నవాడు బ్రహ్మయ్య ప్రాకుచు, దొరికినదెల్ల నోట పెట్టుకొను ఈడువాడు.

ఆమె తెల్లవారక మునుపే లేచును. ఒకనికి పాలిచ్చు లోపల ఒకడు పక్క తడుపును. పక్క ఎండవేయు లోపల ఒకతె పిండి డబ్బా బోర్లించును. పిండి ఎత్తు లోపల పాలు పొంగును. ఇదెక్కడి కర్మమో గాని, ఆమె వంటింట ఉన్నచో పిల్లలకు పెరటిలో పని, పెరటికి పోయిన వంటింట పని. అందరికిని వడ్డించి, పిల్లలకు తినిపించి, మూతులు కడిగి, తాను పొయ్యి యొద్ద నిలువుకాళ్ళ మీద నిలిచి, పిల్లలు ఏరి పారవేసిన బీరకాయ ముక్కలతో, అట్టకట్టిన పప్పుతో, చల్లారిన మెతుకులను గిన్నెలోనే కలుపుకొని నోట వేసికొనును. ఆ నాలుగు ముద్దలలో కూడ రెండు మారులు లేచును. లేచుటకు కూర్చున్నది ఎప్పుడు గనుక!

అత్త సుభద్రమ్మ ఇది చూచి, కోడలు ఏదో లోకమున లేని కష్టము పడుచున్నట్లు ముఖము పెట్టుకొన్నదని గొణుగుచుండెను. భర్త రుద్రాచారి మంచివాడే. మంచివాడు గనుకనే ఏమియు గమనింపలేదు.

ఒకనాటి మధ్యాహ్నము కామాక్షి “అమ్మా” యని పదునొకండు మారులు పిలిచెను. పని ఏమియు లేదు. పిలువవలెననిపించినది, పిలిచెను. పండ్రెండవ పిలుపునకు మాణిక్యాంబ పొయ్యి మీది గరిటెను అట్లే ఎత్తెను. కాలుచున్న గరిటె బిడ్డ చెంపకు వ్రేలెడు దూరమున ఆగెను. ఆగినది గాని, ఎట్లు ఆగినదో ఆమెకు తెలియదు. గరిటె జారవిడిచి గోడకు చేరగిలబడెను. “ఈసారి ఆగింది. రేపు ఆగకపోతే?” అని తనలో తాననుకొని ఏడ్చెను. బిడ్డ తల్లిని వింతగా చూచి, “అమ్మా” యని పదుమూడవ మారు పిలిచెను.

ఆ మరునాడు శుక్రవారము. మిట్టమధ్యాహ్నము ఎర్రచీర కట్టిన పెద్దముత్తైదువ యొకతె ఎవరిని అడుగక వంటింటిలోనికి వచ్చి, నడిమధ్యన పీట వాల్చుకొని కూర్చుండెను. కాలు చాపెను. “ఆకలేస్తోంది. అన్నం పెట్టు. పొగలు రావాలి” అనెను.

మాణిక్యాంబ విసుగును మ్రింగుకొని, పొయ్యి మీది అన్నమును, వెన్నకాచిన నేతిని, పప్పును వడ్డించెను. పిల్లలు ఆమెపై ఎక్కిరి, దిగిరి, కొప్పు లాగిరి. సుభద్రమ్మ వీధిలో ఎవరో పిలుచుచున్నారనెను. ముత్తైదువ లేవలేదు. మజ్జిగ వరకు నింపాదిగా తిని, చేయి కడిగికొని, త్రేన్చి యిట్లనెను. “పిల్లా, నేను కూర్చున్నమ్మను. లోకంలో తల్లులందరి దగ్గరా నుంచునే తిండి చూసి చూసి నా కడుపు మండిపోయి వచ్చాను. నిన్న నీ గరిటె ఆపింది నేనే. రోజూ రాలేను. చాలా ఇళ్ళున్నాయి నాకు.”

పిమ్మట ఆ దేవి వ్రతవిధానము చెప్పెను. వరుసగా అయిదు శుక్రవారములు ఇంటిలో మొదటి వేడి అన్నమును తల్లికే వడ్డింపవలెను. ఆమె పీటపై కూర్చుండి, మొదటి ముద్ద నుండి మజ్జిగ వరకు లేవకుండ భుజింపవలెను. ఆ సమయమున బిడ్డలు తండ్రివి. నడుమ లేచిన వ్రతము చెడును, ఇంటి వేడిమి నేను తీసికొనిపోవుదును అని హెచ్చరించి అంతర్ధానమయ్యెను.

ఈ మాట విని రుద్రాచారి మీసము దువ్వి, “ఓస్, ఇంతేనా! కంచు కరిగించేవాణ్ణి, ముగ్గురు పిల్లల్ని ఆడించలేనా?” అనెను.

మొదటి శుక్రవారము మాణిక్యాంబ కూర్చుండెను. మూడవ ముద్ద నోటికి పోవుచుండగా పెరటి నుండి వీరన్న “అమ్మా! అయిపోయింది, కడుగు!” అని కేక వేసెను. రుద్రాచారి వానికి నాలుగడుగుల దూరమున నిలిచియుండియు, ఇంటిలోనికి తిరిగి, “ఏమేవ్, వాడికి అయిపోయిందట!” అని అంతకంటె పెద్దకేక వేసెను. ఆమె లేచెను. ఆనాటి నుండి ఆ ఇంట ఉడుకుచున్న చారు కంచమున పడిన వెంటనే చన్నీళ్ళయ్యెను.

రెండవ శుక్రవారము బ్రహ్మయ్య ఏడ్చెను. రుద్రాచారి వానిని రెండు మారులు ఎగురవేసి, వాడు మరింత ఏడ్చుటతో తెచ్చి ఆమె ఒడిలో దింపి, “నీ దగ్గరైతేనే ఊరుకుంటాడు. నేనేం చేయను?” అనెను. బ్రహ్మయ్య రెండు చేతులును పప్పులో పెట్టెను. ఆమె లేచెను. ఆ వారము కొలిమిలో కంచు సరిగా కరుగలేదు. పోసిన కంచములు మీటిన మ్రోగక, మట్టిమూకుడు వలె దబ్బుమనెను. కొన్నవారు తెచ్చి గుమ్మములో పడవేసి పోయిరి.

మూడవ శుక్రవారము, ఏమి అదృష్టమో, ముగ్గురును నిద్రపోయిరి. మాణిక్యాంబ పప్పు తినెను, కూర తినెను, చారు తినెను. మజ్జిగ పోసికొనుచుండగా రుద్రాచారి గడపలో నిలిచి, “నా తుండుగుడ్డ ఎక్కడ పెట్టావు?” అని అడిగెను. తుండుగుడ్డ అతని భుజముననే ఉండెను.

మాణిక్యాంబ అతనిని చూచి నవ్వెను. ఇన్నేండ్ల కాపురమున ఆ నవ్వు అతడు చూచి యుండలేదు. అరచినను బాగుండునని అతనికి తోచెను. ఆమె మజ్జిగ ముట్టకయే లేచి, చేయి కడిగికొని, గరిటెను ఎత్తి అటక మీదికి విసరి, “ఇది నా చేతికి అందకూడదు. నాకు నన్ను చూస్తే భయంగా ఉంది. మీకు అర్థమవుతోందా?” అనెను. అంతట పొయ్యి ఆరెను. కొలిమి ఆరెను. ఎంత ఊదినను నిప్పు రాజుకొనలేదు. మూడు దినములు ఇంటిల్లిపాదియు నానిన అటుకులు తినిరి. పిల్లలు వేడి అన్నము కావలెనని దొర్లి దొర్లి ఏడ్చిరి.

నాలుగవ నాడు రుద్రాచారి చల్లని కొలిమి యొద్ద తల పట్టుకొని యుండగా, కూర్చున్నమ్మ ఆ కొలిమి గట్టుపైననే వచ్చి కూర్చుండెను. అతడు పాదములపై పడి, పిల్లలను పట్టుకొంటినే, నా తప్పేమి తల్లీ యని వాపోయెను.

“పట్టుకున్నావురా. పట్టుకుని మళ్ళీ దానికే అందించావు” అని దేవి కసిరెను. “వాళ్ళు ఏడిస్తే దాన్ని పిలిచావు. నవ్వితే దాన్ని పిలిచావు. ఊరుకుంటే నువ్వే ఏడ్చావు.”

మంత్రమేదైన ఉపదేశింపుమని అతడు వేడుకొనెను. “నువ్వు తిను, నేను చూస్తాలే. ఇదే మంత్రం. అన్నాక నిజంగా చూడాలి, అంతే” అని దేవి చెప్పెను.

మరల మొదటి నుండి ఆరంభించిరి. ఆ శుక్రవారమునకు పొరుగింటి నిప్పుతో పొయ్యి వెలిగెను. వీరన్న పెరటి నుండి పిలువగా రుద్రాచారి ముక్కు మూసికొని పోయి కడిగెను. రెండవ వారము బ్రహ్మయ్య గుక్కపట్టి ఏడ్చి, అతని మీద కక్కి, తుదకు విసిగి అతని భుజముననే నిద్రపోయెను. మూడవ వారము, నాలుగవ వారము ఎట్లు గడచెనో అతనికే తెలియును. చారు కంచమున కొంచెము కొంచెముగా వేడి నిలువసాగెను. కొలిమియు ఎర్రబడుచుండెను.

అయిదవ శుక్రవారము మాణిక్యాంబ నేయి కలుపుకొనుచుండగా కామాక్షి వీధిమెట్టుపై నుండి పడెను. గడ్డము చిట్లెను. ఆ బిడ్డ ఊరు దద్దరిల్లునట్లు “నాన్నా!” అని ఏడ్చెను.

మాణిక్యాంబ చేయి ఆగెను. మోకాలు దానంతట అదే లేచెను. “నాన్నా” యని ఏడ్చిన కేక ఆ ఇంట ఆమె అంతకు మున్ను విని యుండలేదు. వీధి నుండి రుద్రాచారి గొంతు వినబడెను. “నువ్వు తిను! నేను చూస్తాలే!” ఏడుపు కొంతసేపు సాగి, ఎక్కిళ్ళై, పసుపు అద్దగా తగ్గెను. మాణిక్యాంబ మోకాలు దించి, కన్నీరు తుడుచుకొని, “అత్తయ్యా, ఇంకొంచెం అన్నం వేయండి. అడుగున వేడిగా ఉంటుంది, అది వేయండి” అనెను. అదే క్షణమున కొలిమి భగ్గున మండెను. ఆనాటి నుండి రుద్రాచారి కంచములు నాలుగు వీధులకు మ్రోగెను. మాణిక్యాంబ అటక మీది గరిటెను తానే దింపుకొనెను.

ఉద్యాపనకు, బిడ్డలను పెంచి, ఎన్నడును వేడి అన్నము కూర్చుండి తినని స్త్రీని ఒకతెను పీటపై కూర్చుండబెట్టవలెను. ముత్తైదువయా, విధవయా యని చూడరాదు. మాణిక్యాంబ అట్టివారిని వెదుకుటకు వీధికి పోబోయి, గోడవార గిన్నెలో చల్లమెతుకులు కలుపుకొనుచున్న అత్తను చూచి ఆగెను. సుభద్రమ్మ ససేమిరా యనెను, తన పిల్లలు పెద్దవారైరి గదా యనెను. రుద్రాచారి ఆమెను చేయి పట్టి తెచ్చి కూర్చుండబెట్టి, తానే వడ్డించెను. ఆమె మొదటి ముద్ద నోట పెట్టుకొనగానే నాలుక కాలెను. ఇంటెడు బిడ్డల ముద్దలను నలుబదియేండ్లు ఊది ఊది పెట్టిన ఆ తల్లికి, తన ముద్దను ఊదుకొనవలెనని తెలియలేదు. రుద్రాచారి రెండవ ముద్దను తాను చేతిలోనికి తీసికొని ఊదెను.

కావున ఏకాంతమునీ! పాలుత్రాగు బిడ్డ గలవారును, కవలలు గలవారును, పెద్దవాడు చిన్నవానిని గిల్లు ఇంటివారును, పదిమందికి వండి పదునొకండవ మనిషిగా తినువారును ఈ వ్రతము చేయవలెను. దీనివలన పిల్లలు బుద్ధిమంతులగుదురా యని అడుగకుము. కారు. ఏ వ్రతమునకును అంత శక్తి లేదు. చారు వేడిగా నుండును, ఎత్తిన చేయి ఆగును, తండ్రికి బిడ్డల ఏడుపులలో ఏది ఆకలియో, ఏది వేషమో తెలియును. ఈ కథను తండ్రియే చదువవలెను, చంటిబిడ్డ అతని ఒడిలోనే ఉండవలెను. చదువుట అయినది గనుక, అక్షతలు అమ్మవారిపై చల్లి, అన్నము చల్లారక మునుపే ఆ తల్లికి వడ్డింపుడు.